విదేశ విద్యకు పద్దు: జపాను విద్యార్థుల అనుభవము, మన కర్తవ్యము

విద్య కొరకు ఇల్లు విడిచి దూరదేశమునకు పోవుట మానవజాతికి క్రొత్త కాదు. పూర్వము నలందకు చీనా యాత్రికులు వచ్చి చదివిరి. బాగ్దాదు, కైరో నగరములకు నానా దేశముల విద్యార్థులు చేరిరి. నేడు ఆ ప్రవాహము దిశ మారినది. నందికొట్కూరు, ఆత్మకూరు, నంద్యాల, ఆళ్ళగడ్డ వంటి ఊళ్ళ నుండి సైతము పట్టభద్రులైన యువతీయువకులు అమెరికా, బ్రిటను, జర్మనీ, ఆస్ట్రేలియా దేశముల వైపు చూచుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే "ఎచ్చటికి పోవలెను?" అను ప్రశ్నను వేసికొన్నంత తరచుగా మన విద్యార్థులు "ఎవరి ధనముతో పోవలెను? ఆ ధనము తిరిగి ఎట్లు తీరవలెను?" అను ప్రశ్నను వేసికొనుట లేదు. ఈ రెండవ ప్రశ్నయే మా వ్యాసమునకు విషయము.

అప్పు చేసి చదువుట తప్పని మేము చెప్పబోము. చరిత్రలో గొప్పవారనిపించుకొన్న పలువురు అప్పుతోనో, పరుల సహాయముతోనో విదేశములకు పోయి చదివినవారే. లెక్క లేని అప్పు చేయుట మాత్రము తప్పు. ఈ భేదమును గ్రహించుటకు మన ఊరి ప్రక్కనే ఒక పాఠమున్నది. అచ్చటినుండియే ప్రారంభింతము.

మన కాలువ చెప్పు పాఠము

కర్నూలు–కడప కాలువను ఎరుగనివారు మనలో లేరు. తుంగభద్రపై సుంకేశుల వద్ద మొదలై కడప వరకు పోవు ఈ కాలువను మొదట త్రవ్వించినది ప్రభుత్వము కాదు; మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అను ఇంగ్లీషు సంస్థ. 1860 తరువాతి దశాబ్దములో ఈ పని జరిగినది. పది లక్షల పౌనుల మూలధనము ఇంగ్లండులో సేకరింపబడగా, దానిపై నూటికి 5 చొప్పున వడ్డీకి ప్రభుత్వము పూచీ వహించెను. పని సాగిన కొలది ఖర్చు అంచనాను మించినది. కంపెనీ ప్రభుత్వము వద్ద మరల అప్పు చేసెను. నీటి తీరువ వలనను, పడవల రాకపోకల వలనను వచ్చునని తలచిన ఆదాయము రాలేదు. తుదకు 1882లో ప్రభుత్వమే కాలువను స్వాధీనము చేసికొనవలసి వచ్చెను.

మరి కాలువ చెడ్డదా? కాదు. నేటికిని అది మన పొలములను తడుపుచున్నది. చెడినది కాలువ కాదు, లెక్క. ఖర్చును తక్కువగా అంచనా వేసిరి; ఆదాయమును ఎక్కువగా ఊహించిరి; ఆ ఆదాయము త్వరలోనే చేతికందునని నమ్మిరి. వడ్డీ మాత్రము ఎవరికొరకును ఆగలేదు. విదేశ విద్య వలన అప్పుల పాలైన కుటుంబముల కథ సరిగా ఇట్టిదే. చదువు మంచిదే, పట్టా మంచిదే, చదువునకు ముందు వేయవలసిన లెక్క వేయకపోవుటయే కీడు.

జపాను ఏల?

ఈ విషయమున మేము జపాను విద్యార్థుల చరిత్రను ఉదాహరణముగా గైకొనుటకు కారణమున్నది. ఉర్దూ మాధ్యమముగా ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో హైదరాబాదున నెలకొన్న కాలమున, ఆ సంస్థానపు విద్యాశాఖకు అధిపతిగా ఉన్నవారు సయ్యద్ రాస్ మసూద్ గారు. వారు 1922లో జపాను దేశమునకు పోయి, అచ్చటి విద్యావిధానమును పరిశీలించి, తిరిగి వచ్చిన పిమ్మట దానిని గూర్చి ఒక గ్రంథమును ప్రకటించిరి. ఒక ఆసియా దేశము తన భాషలోనే ఉన్నత విద్యను బోధించుచు, పాశ్చాత్య శాస్త్రములను ఎట్లు తనవిగా చేసికొన్నదని తెలిసికొనుట వారి ఆశయము. నూరేండ్ల క్రిందట మన పెద్దలు అడిగిన ప్రశ్ననే నేడు మనము మరియొక కోణమునుండి అడుగుచున్నాము: ఆ దేశపు విద్యార్థులు విదేశములకు ఎట్లు పోయిరి? వారి ఖర్చు ఎవరు భరించిరి?

జపాను విద్యార్థుల తొలి యాత్రలు

విదేశయానము మరణశిక్షకు పాత్రమైన నేరముగా ఉన్న కాలమున, 1863లో, చోషూ సీమకు చెందిన ఐదుగురు యువకులు రహస్యముగా ఓడ ఎక్కి లండను చేరిరి. తమ ప్రభువు ఇచ్చిన సొమ్ము చాలక వర్తకుల వద్ద అప్పు చేసిరి. లండనులోని యూనివర్సిటీ కాలేజీలో చదివిరి. వారిలో ఒకరైన ఇతో హిరోబుమి 1885లో జపాను తొలి ప్రధానమంత్రి ఆయెను. మరియొకరైన ఇనోఉఎ మసారు ఆ దేశపు రైలుమార్గముల నిర్మాతగా పేరొందెను. అప్పు పెట్టుబడిగా మారుటకు ఇంతకంటె ఉదాహరణము అక్కరలేదు.

1868లో క్రొత్త ప్రభుత్వము ఏర్పడి, జ్ఞానమును ప్రపంచము నలుమూలలనుండి సేకరింపవలెనని చక్రవర్తి పేర ప్రతిజ్ఞ గావించెను. 1871లో ఇవకురా అను మంత్రి నాయకత్వమున బయలుదేరిన రాయబార బృందముతో పలువురు విద్యార్థులు విదేశములకు తరలిరి. వారిలో ఐదుగురు బాలికలు కలరు. అందరికంటె చిన్నదైన త్సుదా ఉమెకోకు అప్పటికి ఆరేండ్లు.

అయితే ఉత్సాహమొక్కటియే చాలదని జపాను త్వరలోనే తెలిసికొన్నది. ఎంపిక సరిగా లేనందునను, ఖర్చు మిక్కుటమైనందునను, ప్రభుత్వ ధనముతో పోయిన విద్యార్థులనందరిని 1873లో వెనుకకు పిలిపించిరి. రెండేండ్లు ఆలోచించి, 1875లో క్రొత్త పద్ధతి ప్రవేశపెట్టిరి. పరీక్షలలో ఆరితేరిన 11 మందిని మాత్రమే ఎన్నుకొని పంపిరి. వారికిచ్చిన ధనము దానము కాదు, ఋణము. తిరిగి వచ్చి ఉద్యోగములో చేరిన పిదప చెల్లింపవలసినది. పిదప 1882లో ఋణమునకు బదులు సేవా నియమమును విధించిరి. ఎందరిని పంపితిమన్నది కాక, ఎవరిని, ఏ చదువునకు, ఏ షరతుపై పంపితిమన్నది ముఖ్యమని ఆ దేశము గ్రహించిన విధమిది.

ప్రభుత్వ వేతనము దొరికినంత మాత్రమున కష్టములు తీరవని నవలారచయిత నత్సుమె సోసెకి జీవితము తెలుపుచున్నది. 1900లో ప్రభుత్వము ఆయనను ఏడాదికి 1,800 యెన్నుల వేతనముపై లండనుకు పంపెను. ఆ నగరపు ఖర్చులకు అది చాలినది కాదు. చౌక గదులలో నివసించుచు, ఉన్న సొమ్ములో పెద్ద భాగమును పుస్తకములకు వెచ్చించి, రెండేండ్లు తీవ్రమైన మనోవ్యథతో గడపెను. వేతనపు అంకె కంటె, ఆ అంకె ఆ ఊరిలో ఎన్ని పూటల భోజనమగునన్నది ముందుగా తెలియవలెను.

ఇక త్సుదా ఉమెకో కథ ఇంకను విశేషమైనది. ఆమె 1882లో స్వదేశమునకు తిరిగి వచ్చి, 1889లో మరల అమెరికా పోయి బ్రిన్ మార్ కళాశాలలో చదివెను. అచ్చట ఉన్న కాలమున తన చదువుతో తృప్తి చెందక, తన వెనుక రాదగిన జపాను స్త్రీల కొరకు 8 వేల డాలర్ల నిధిని సేకరించెను. ఆ నిధి ఆదాయముతో ఒకరి తరువాత ఒకరుగా యువతులు అమెరికాలో చదువుకొనిరి. 1900లో ఆమె టోక్యోలో స్త్రీల కొరకు పాఠశాల స్థాపించెను. అదియే నేటి త్సుదా విశ్వవిద్యాలయము. తాను దాటిన నదిపై తరువాతివారికి వంతెన కట్టుట అనగా ఇదియే.

నేటి జపాను విద్యార్థి

ధనిక దేశమైన జపానులో నేడు విదేశ విద్య సులభమని తలచుట పొరపాటు. విదేశములలో చదువు జపానీయుల సంఖ్య 2004లో సుమారు 83 వేలకు చేరి, ఆ తరువాత తగ్గుచు 2011 నాటికి 57 వేల పైచిలుకునకు దిగినది. ఆర్థిక మాంద్యము, ఆంగ్ల భాషా భయము, కళాశాల చివరి సంవత్సరములలోనే ఉద్యోగ నియామకములు జరుగు ఆచారము ఇందుకు కారణములుగా చెప్పబడినవి. ఏడాది పాటు బయటకు పోయినచో ఉద్యోగపు వరుస తప్పిపోవునేమోయని అచ్చటి విద్యార్థి జంకును.

ఈ స్థితిని మార్చుటకై ప్రభుత్వమును, ప్రైవేటు కంపెనీలును కలసి 'తొబితతె' అను విద్యార్థివేతన పథకమును ప్రారంభించి, 2014లో తొలి బృందమును పంపినవి. అందు ఎంపికకు మార్కులుగాని, భాషా పరీక్ష ఫలితముగాని ప్రధానము కాదు. ఎచ్చటికి, ఎందుకు, ఎంతకాలము పోయి ఏమి సాధింతునో విద్యార్థి తానే వ్రాసి తెచ్చిన ప్రణాళికయే ప్రధానము. ఇది మన విద్యార్థులు మననము చేయదగిన అంశము. అనేకులు మరియొక సులభ మార్గమును అవలంబింతురు. రెండు విశ్వవిద్యాలయముల నడుమ ఒప్పందమున్నచో, తన స్వదేశపు విశ్వవిద్యాలయమునకే ఫీజు కట్టుచు ఒక టర్మునో, ఏడాదియో విదేశమున చదువవచ్చును. పూర్తి పట్టా కొరకు కాక, కొద్దికాలము కొరకు పోవుటయు విదేశ విద్యయే.

మారకపు రేటు వారిని కూడ బాధించుచున్నది. 2011లో ఒక డాలరుకు సుమారు 80 యెన్నులుండగా, 2024లో 150 యెన్నులు దాటినది. అదే ఫీజు, అదే కళాశాల. తండ్రి చెల్లింపవలసినది మాత్రము దాదాపు రెట్టింపు.

మన పెద్దలు పోయిన దారి

మనవారి చరిత్రయు ఇందుకు తక్కువ కాదు. రాస్ మసూద్ గారి తాతగారైన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1869లో తన కుమారుడు మహ్మూద్‌కు ప్రభుత్వ విద్యార్థివేతనము లభించినపుడు, తానును వెంట ఇంగ్లండు పోవుటకై ఇల్లు తాకట్టు పెట్టి, గ్రంథములను అమ్ముకొనిరి. హైదరాబాదులో జన్మించిన సరోజినీ నాయుడు గారు 1895లో, పదునారేండ్ల ప్రాయమున, నిజాము ప్రభువు ఇచ్చిన వేతనముతో లండను, కేంబ్రిడ్జి నగరములలో చదివిరి. ఆడపిల్ల చదువునకు ఇంత ఖర్చు ఏలయని శంకించు తల్లిదండ్రులు ఆమెను, త్సుదా ఉమెకోను ఒక్కమారు తలచుకొనవలెను.

పశ్చిమ గోదావరి సీమలోని భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి వృత్తాంతము మనకు మరింత దగ్గరిది. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ వారి సహాయపు హామీయు, మామగారు సమకూర్చిన ధనమును ఆధారముగా ఆయన 1922 అక్టోబరులో బోస్టను చేరిరి. హార్వర్డులో చదువుచు, పొట్ట గడచుటకై ఆసుపత్రిలో రాత్రి వేళ సేవకునిగా పనిచేసిరి. తరువాతి కాలమున ఆయన ప్రయోగశాలలనుండి వెలువడిన ఔషధములు లోకమునకు ఎంత మేలు చేసినవో విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ఎరుగుదురు. ఇందు గమనింపవలసినది ఒకటి: ఆయన ప్రయాణమునకు ఒక ధర్మసంస్థ, ఒక కుటుంబము, ఆయన సొంత శ్రమ, మూడును తోడైనవి. ఏ ఒక్కదానిపైనను పూర్తి భారము పడలేదు.

మన జిల్లాకే వత్తము. కర్నూలులో 1947లో ఉస్మానియా కళాశాలను స్థాపించిన డాక్టరు అబ్దుల్ హఖ్ గారు ఆక్స్‌ఫర్డులో పరిశోధన చేసి పట్టము పొందినవారు. ఆ విద్యాఫలము వారితోనే అంతము కాలేదు; ఒక కళాశాలగా మారి వేలాది పిల్లలకు అందినది. 2016లో ఏర్పడిన కర్నూలు ఉర్దూ విశ్వవిద్యాలయము వారి పేరనే వెలసినది.

పద్దు ఎట్లు వ్రాయవలెను?

చరిత్రను విడిచి లెక్కకు వత్తము. విద్యార్థి మొదట ఒక కాగితమును రెండు భాగములుగా మడచి, ఎడమ ప్రక్క ఖర్చును, కుడి ప్రక్క ఆ ఖర్చునిచ్చువారి పేరును వ్రాయవలెను. ఎదుట పేరు లేని ప్రతి అంకెయు భవిష్యత్తులో వడ్డీ అప్పుగా మారునని తెలియవలెను.

ఖర్చు అనగా కళాశాల ఫీజు ఒక్కటియే కాదు. భాషా పరీక్ష రుసుము, దరఖాస్తు రుసుములు, పాస్‌పోర్టు, వీసా, విమాన ప్రయాణము, గది అడ్వాన్సు, చలిదుస్తులు, ఆరోగ్య బీమా, నెలసరి భోజనము, పుస్తకములు, అత్యవసరముగా ఇంటికి తిరిగి వచ్చుటకు టిక్కెట్టు సొమ్ము, ఇవన్నియు చేరవలెను. ఫీజు లేని దేశమున సైతము ఖర్చు ఉండును. జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయములు పెక్కింటిలో బోధనా రుసుము లేదు. కాని వీసా కొరకు విద్యార్థి ఏడాది ఖర్చుకై సొమ్మును ముందుగా ప్రత్యేక ఖాతాలో నిలుపవలెను. 2024 సెప్టెంబరు నుండి ఈ మొత్తము 11,904 యూరోలు. అనగా నెలకు 992 యూరోలు. ఉచిత విద్యయని విని, ఈ సంగతి వినక, చివరి నెలలో వడ్డీవ్యాపారి గడప త్రొక్కుట తగదు.

మారకపు రేటును గూర్చి జపాను ఉదాహరణము చూచితిమి. మన రూపాయి విషయమును చూడుడు. 40 వేల డాలర్ల ఖర్చుకు 2011 మధ్యలో, డాలరు సుమారు 45 రూపాయలున్నపుడు, 18 లక్షలు చాలెను. 2024 చివర డాలరు 84 రూపాయలకు చేరగా అదే ఖర్చుకు 33 లక్షల 60 వేలు కావలసి వచ్చెను. రెండేండ్ల చదువునకు నేటి రేటుతో లెక్క వేసి ఊరకుండరాదు. నూటికి పదియైనను అదనముగా కలుపుకొనవలెను.

ఇక అప్పు. తెలియుటకై ఒక ఊహా లెక్క వేయుదము. నూటికి 11 వడ్డీపై 30 లక్షలు మొదటనే తీసికొని, చదువు కాలమును, ఉద్యోగము వెదకు కాలమును కలిపి రెండున్నరేండ్లు ఏమియు చెల్లింపలేదనుకొందము. సరళ వడ్డీయే 8 లక్షల 25 వేలగును. అప్పు 38 లక్షల 25 వేలకు చేరును. దానిని పదేండ్లలో తీర్చుటకు నెలకు సుమారు 52,700 రూపాయలు కట్టవలెను; మొత్తము 63 లక్షలు దాటును. అట్లుగాక, చదువు కాలములోనే నెలకు 27,500 వంతున వడ్డీ చెల్లించుచు వచ్చినచో, తరువాతి వాయిదా సుమారు 41,300 మాత్రమే. మొత్తము మీద ఐదు లక్షలకు పైగా మిగులును. అప్పే 20 లక్షలకు తగ్గించుకొన్నచో, వడ్డీ వెంటనే చెల్లింపకున్నను వాయిదా 35 వేల చిల్లర. కావున ప్రతి విద్యార్థియు తనను తాను అడుగవలసిన ప్రశ్న ఇది: విదేశమున ఉద్యోగము దొరకక స్వదేశమునకు తిరిగి వచ్చినచో, ఇచ్చటి జీతముతో ఈ వాయిదా కట్టగలనా? కట్టలేనని తోచినచో అప్పు తగ్గవలెను, లేక కోర్సు మారవలెను, లేక దేశము మారవలెను.

ధనము దొరకు మార్గములు

మొదటిది ప్రభుత్వ పథకములు. వీనిని తెలిసికొనవలెను, వీనిపైనే ఆధారపడరాదు. మైనారిటీ విద్యార్థుల విదేశ విద్యా ఋణములపై వడ్డీ భరించుటకు కేంద్రప్రభుత్వము 2013–14లో ప్రారంభించిన 'పఢో పర్‌దేశ్' పథకము 2022–23 నుండి నిలిచిపోయినది. మన రాష్ట్రమున విదేశ విద్యా సహాయ పథకముల పేర్లును, నియమములును ప్రభుత్వముతో పాటు మారుచు వచ్చినవి. 2022లో వచ్చిన పథకము ప్రపంచ శ్రేణిలో మొదటి 200 విశ్వవిద్యాలయములకే వర్తించెను. తెలంగాణలో 2015లో మైనారిటీ విద్యార్థులకై ఏర్పడిన పథకము ఆ రాష్ట్రమువారికే పరిమితము. షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మాత్రము 1954–55 నుండి కేంద్రప్రభుత్వపు జాతీయ విదేశ విద్యార్థివేతనము కలదు. కనుక ఒక పథకమును నమ్మి సీటు తీసికొనుటకు ముందు, ఆ ఏటి ఉత్తరువును జిల్లా సంక్షేమ కార్యాలయమున స్వయముగా చూచి రావలెను. వార్తాపత్రికలోని పాత ప్రకటన చాలదు.

రెండవది విదేశ ప్రభుత్వముల వేతనములు. జపాను ప్రభుత్వము 1954 నుండి విదేశ విద్యార్థులకు వేతనములిచ్చుచున్నది. ఎంపికైన వారికి ఫీజు, నెలసరి వేతనము, విమాన ఖర్చు లభించును. స్వంత ఖర్చుపై పోవువారికి సైతము ఆ దేశపు జాతీయ విశ్వవిద్యాలయముల ప్రామాణిక ఫీజు, 2005 నుండి, ఏడాదికి 5,35,800 యెన్నులు. 2024 నాటి రేటున సుమారు 3 లక్షల రూపాయలు. కొన్ని విశ్వవిద్యాలయములు ఇంతకంటె ఎక్కువ తీసికొనుచున్నవి. అనుమతి పొందిన విద్యార్థి వారమునకు 28 గంటల వరకు పని చేయవచ్చును. ఆంగ్లమునే ధ్యానించు మన విద్యార్థులు ఈ దిశగా చూచుట అరుదు. బ్రిటను వారి చెవెనింగ్, అమెరికాతో కలసి నడచు ఫుల్‌బ్రైట్–నెహ్రూ వంటివి కొంత ఉద్యోగానుభవము ఉన్నవారికే లభించును. కాబట్టి పట్టా పొందిన మరునాడే విమానమెక్కవలెనను ఆత్రము ఒక్కొక్కచో నష్టమే. రెండు మూడేండ్లు పనిచేసి, కొంత కూడబెట్టి, అనుభవముతో దరఖాస్తు చేసినవానికి తెరచుకొను తలుపులు ఎక్కువ.

మూడవది ధర్మసంస్థల ఋణములు. జంషెడ్జీ టాటా గారు 1892లో నెలకొల్పిన జె.ఎన్. టాటా ఎండోమెంటు విదేశములలో చదువగోరు భారతీయులకు ఋణరూప విద్యార్థివేతనము ఇచ్చును. మిక్కిలి పేద కుటుంబమున పుట్టిన కె.ఆర్. నారాయణన్ గారు ఈ సహాయముతోనే లండనులో చదివి, 1997లో మన రాష్ట్రపతి అయిరి.

నాల్గవది బ్యాంకు ఋణము. బ్యాంకుల మాదిరి పథకము ప్రకారము విదేశ విద్యకు నాలుగు లక్షలు దాటిన ఋణమునకు ఖర్చులో నూటికి 15 వంతులు విద్యార్థి కుటుంబము భరింపవలెను. ఏడున్నర లక్షల వరకు తాకట్టు అడుగరు. అంతకు మించినచో ఇల్లో, పొలమో, డిపాజిట్టో హామీగా చూపవలసి వచ్చును. పొలము హామీగా పెట్టుటకు ముందు కుటుంబ సభ్యులందరు కూర్చుండి మాటాడవలెను. ఆ పొలములో అక్క పెండ్లి ఖర్చు ఉన్నదేమో, తమ్ముని చదువు ఉన్నదేమో, తల్లిదండ్రుల వృద్ధాప్యమున్నదేమో చూడవలెను. ఒక్కరి చదువు కొరకు ఇంటిల్లిపాది నోటి ముద్ద పణముగా పెట్టరాదు.

మోసముల విషయము

తొందరపాటును కనిపెట్టి కాచుకొని యుండు మోసగాండ్రు ఎల్లవేళల ఉందురు. 2011 జనవరిలో అమెరికాలోని కాలిఫోర్నియాలో ట్రై–వ్యాలీ అను పేరుగల విశ్వవిద్యాలయము మూతపడినపుడు, అందులో చేరిన వందలాది ఆంధ్ర విద్యార్థులు దిక్కుతోచక నిలిచిరి; కొందరి కాళ్ళకు నిఘా పట్టీలు తొడిగిరి. 2019 జనవరిలో మిచిగన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ అను విశ్వవిద్యాలయము వలస నేరములను పట్టుటకు అమెరికా అధికారులే పన్నిన వలయని బయల్పడినది. అరెస్టయిన భారతీయులలో తెలుగువారు అనేకులు. తరగతులు లేని కళాశాల, చదువక పనిచేయవచ్చునను మాట, ఫీజు తక్కువ, ప్రశ్నలు తక్కువ, ఇట్టి చోట ఆగి ఆలోచింపవలెను. ఏజెంటు చెప్పిన మాట కాగితముపై ఉన్నదా? ఆ విశ్వవిద్యాలయమునకు ఆ దేశపు గుర్తింపు ఉన్నదా? ఏజెంటునకు కమీషను ఎవరిచ్చుచున్నారు? ఈ మూడు ప్రశ్నలు అడుగుటకు ఖర్చు లేదు. బ్యాంకు నిల్వలను ఎక్కువ చేసి చూపు దొంగ కాగితములు సమర్పించుట విద్యార్థినే నేరస్థునిగా చేయును. ఆ మచ్చ జీవితాంతము వదలదు.

కాలనిర్ణయము

ప్రయాణమునకు పదునెనిమిది నెలల ముందే పని ఆరంభింపవలెను. మొదటి మూడు నెలలు ఏ శాస్త్రము, ఏ ప్రయోజనము, ఏ దేశము అను విషయమును నిర్ణయించుకొనుటకు. తరువాతి మూడు నెలలు భాషా పరీక్షకు, పాస్‌పోర్టుకు. ఆ పిదప ఆరు నెలలు దరఖాస్తులకు, విద్యార్థివేతనముల వ్రాతలకు. మిగిలిన ఆరు నెలలు ఋణము, వీసా, వసతి ఏర్పాట్లకు ఉపయోగింపవలెను. విద్యార్థివేతనముల గడువులు సాధారణముగా సీటు గడువులకంటె ముందే ముగియును. సీటు వచ్చిన పిదప ధనమును వెదకువానికి అప్పు ఒక్కటియే మిగులుటకు ఇదియే కారణము. ముందుగా ధనమును వెదకువానికి నాలుగు మార్గములు తెరచియుండును.

కళాశాల కమిటీ వారికి విన్నపము

ఈ సందర్భమున మన కళాశాల కమిటీ పెద్దలకు మూడు విన్నపములు సమర్పింతుము. ఒకటి: గ్రంథాలయమున ఒక చిన్న బల్ల కేటాయించి, విద్యార్థివేతనముల గడువులను, ప్రభుత్వ ఉత్తరువులను ఉర్దూ, తెలుగు భాషలలో ఎప్పటికప్పుడు అందుంచవలెను. ఏ బ్యాంకు మేనేజరునో, సంక్షేమ శాఖ ఉద్యోగినో ఏటికొక్కమారు పిలిపించి, తల్లిదండ్రుల సమక్షమున మాటాడింపవలెను. రెండు: విదేశములలో చదివి వచ్చిన, చదువుచున్న పూర్వ విద్యార్థుల పట్టిక వారి సమ్మతితో తయారు చేసి, ఏ ఊరిలో గది ఎంత, భోజనమెంత అను నిజమైన లెక్కలు వారినుండి సేకరింపవలెను. మూడు: పరీక్ష రుసుములు, దరఖాస్తు రుసుములు కట్టలేని ప్రతిభావంతులకు ఒక చిన్న నిధి ఏర్పరుపవలెను. అది దానముగా కాక, 1875 నాటి జపాను పద్ధతిన తిరిగి చెల్లింపవలసిన ఋణముగా ఉండవలెను. అట్లయినచో ఒకరు చెల్లించిన సొమ్ము మరియొకరికి చేరును. ఎనిమిది వేల డాలర్లతో త్సుదా ఉమెకో తరతరముల యువతులను చదివింపగలిగినపుడు, కొద్ది వేల రూపాయలతో ఏటికి ఇద్దరినో ముగ్గురినో మనము సాగనంపలేమా?

విద్యార్థి మిత్రులారా! దూరము పోవుటకు జంకవలదు. దూరము పోయినవారి వలననే దేశములు బాగుపడినవి. అయితే బయలుదేరుటకు ముందు పద్దు వ్రాయుడు. ఇంటిలోని పెద్దలకు చదివి వినిపింపుడు. వారు అడిగిన ప్రతి ప్రశ్నకు అంకెతో సమాధానము చెప్పుడు. చెప్పలేని ప్రశ్న ఎదురైనచో ఒక ఏడాది ఆగుడు. ఏడాది ఆలస్యమైనందున చదువు పాడుకాదు. లెక్క తప్పిన అప్పు వలన మాత్రము ఇల్లు పాడగును. చదువు ముగించి స్థిరపడిన పిదప, మీ వెనుక వచ్చు ఒక్క పిల్లవానికో, పిల్లకో దారి చూపుడు. ఆనాడు మీరు తెచ్చుకొన్న పట్టా మీకొక్కరికే గాక ఈ ఊరికంతటికిని చెందినదగును.